తిండికి బియ్యం, విత్తనానికి వడ్లు: మన పాట, లాస్‌లెస్ ముచ్చట

పోస్టు కొంచెం పొడుగే ఉంటది, తీరిక చేసుకొని చదవండి. నచ్చితే మీ తండా గ్రూపులకు, పెంట గ్రూపులకు, హాస్టల్ గ్రూపులకు పంపండి.

ఈ మధ్య హాస్టళ్లలో ఎక్కడ చూసినా ఒకటే ముచ్చట. ఏ యాప్‌లో లాస్‌లెస్ ఉన్నది? ఏ ఇయర్‌బడ్స్ కొంటే అది పూర్తిగా వినపడుతది? స్మార్ట్ స్పీకర్‌లో వస్తదా, రాదా? కోడేరు, కొల్లాపూర్, లింగాల వైపు తండాల నుంచి, పెంటల నుంచి వచ్చి చదువుకుంటున్న మేము కొంతమందిమి కూడబలుక్కొని ఈ సంగతి మొదటి నుంచి చదివినం. చదువుతుంటే ఇయర్‌బడ్స్ ప్రశ్న పక్కకు పోయి, దాని వెనకాల ఇంకో పెద్ద ప్రశ్న కనపడ్డది. శబ్దాన్ని దాచే యంత్రాలు పుట్టి 140 ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో మన పాట వాటిలో ఎంత దక్కింది? ఏ మెట్టు దగ్గర ఎంత పోయింది? ఈ పోస్టు ఆ లెక్క కోసమే.

ముందుగా లాస్‌లెస్ అంటే ఏందో తేల్చుకుందాం. ఒక పాటను కంప్యూటర్‌లో దాచాలంటే ఆ శబ్దాన్ని అంకెలుగా మార్చాలి. సీడీలో ఒక్క సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి రాస్తారు. అట్ల రాస్తే సెకనుకు 1411 కిలోబిట్ల లెక్క వస్తది, మూడు నిమిషాల పాటకు 30 ఎంబీ దాటుతది. అంత జాగ లేకపోతే ఫైలును కుదించాలి. కుదించే పద్ధతులు రెండు. ఒకటి, వడ్లను కూరి కూరి సంచి కుట్టినట్టు. జాగ తక్కువ పడుతది, సంచి విప్పితే ఒక్క గింజ కూడా తగ్గదు. ఇదే లాస్‌లెస్. ఫ్లాక్, ఆలాక్ అనే ఫైళ్లు ఈ రకం. రెండోది, వడ్లను మరపట్టించినట్టు. పొట్టు పోతది, తవుడు పోతది, నూక పోతది. అన్నానికి బియ్యం బాగనే ఉంటయి. కానీ ఆ బియ్యాన్ని తీస్కపోయి నారు పోస్తే మొలకెత్తవు. ఎంపీత్రీ, ఏఏసీ, ఓపస్ ఫైళ్లు ఈ రకం.

తిండికి బియ్యం చాలు, విత్తనానికి వడ్లు కావాలె. చివరి దాకా ఈ మాట గుర్తుంచుకోండి.

ఇగ చరిత్రలోకి పోదాం. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కనిపెట్టింది 1877లో. ఆ యంత్రాన్ని స్టూడియో బయటికి, జనం దగ్గరికి మొదట తీసుకుపోయినప్పుడు అందులో పడ్డ గొంతు ఎవరిదో తెలుసా? ఆదివాసులదే. 1890 మార్చిలో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అనే పరిశోధకుడు అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పాసమాక్వాడీ తెగ పెద్దల పాటలను, మాటలను మైనం గొట్టాల మీద రికార్డు చేసిండు. ఆ గొట్టాల సంగతి మళ్లీ చివర్ల చెప్పుకుందాం.

మన దేశానికి గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో వచ్చిండు. కలకత్తాలో గౌహర్ జాన్ లాంటి పెద్ద గాయకుల పాటలు ఎక్కించుకున్నడు. ఆ ప్లేటు మీద ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర మాత్రమే. సంగీతమంతా ఆ మూడు నిమిషాలకు తనను తాను కత్తిరించుకోవలసి వచ్చింది. మన దిక్కు పాటల సంగతి ఆలోచించండి. రాత్రి దీపం పెట్టినంక మొదలై తెల్లారే దాకా నడిచే కథలు, వంశాల పేర్లన్నీ వరుసగా చెప్పే ఢాడీల, భాట్ల పాటలు, పెళ్లికూతురు ఒక్కొక్క చుట్టాన్ని పట్టుకొని పాడే ఢావ్లో. ఇవి మూడు నిమిషాల ప్లేటులో ఎట్ల పడతయి? పడవు. మనకు పడ్డ మొదటి కోత నాణ్యతది కాదు, నిడివిది.

రెండో కోత జాగది. గ్రియర్సన్ నడిపిన భారత భాషల సర్వే అప్పట్లో చాలా పెద్ద పని. భాషల నమూనాలను అచ్చులో వేయడమే కాక గ్రామఫోన్ ప్లేట్ల మీద కూడా ఎక్కించారు. కానీ ఆ సర్వే పరిధిలో నైజాం రాజ్యాన్ని చేర్చలేదు. మన కోడేరు ప్రాంతం ఆ నైజాం రాజ్యంలోదే. ఇటు గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు కవులను, పండితులను పోషించినయి. ఆ కవులు రాసినవి తాటాకుల్లో, ఆ తర్వాత అచ్చులో మిగిలినయి. రాత లేని పాటకు ఆ ఆసరా లేదు. గోర్ బోలికి సొంత లిపి లేదు. చెంచుల పాట నోటి నుంచి నోటికి పోవాల్సిందే. రాత లేని భాషకు రికార్డింగే పుస్తకం. ఆ పుస్తకం మన దగ్గరికి మస్తు ఆలస్యంగ వచ్చింది.

1940లో క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ నల్లమల చెంచుల మధ్యకు వచ్చిండు. 1943లో చెంచుల మీద ఆయన పుస్తకం అచ్చయింది. తర్వాత నైజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేసిండు. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్ సంస్థ దగ్గర భద్రంగా ఉన్నయి. చెంచు పెద్దల ముఖాలు, గుడిసెలు, విల్లంబులు ఇయ్యాల కూడా చూడొచ్చు. కానీ ఫొటో ఎంత మంచిగున్నా అందులో పాట వినపడదు.

తర్వాత రేడియో. హైదరాబాద్‌లో దక్కన్ రేడియో 1935లో నైజాం ప్రభుత్వం చేతికి వచ్చింది, 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఆదిలాబాద్‌లో ఆకాశవాణి కేంద్రం 1986లో వచ్చినంక గోండి మాట కూడా గాలిలోకి పోయింది. రేడియో మన గొంతును ఊరు దాటించింది, అది తక్కువ పని కాదు. కానీ మైకు ఎవరి చేతిలో ఉంటే ఏ పాట, ఎంతసేపు అన్నది వాళ్లదే నిర్ణయం. ఈ లెక్కను తిరగేసింది జహీరాబాద్ దగ్గర మాచునూరులోని సంఘం రేడియో. 2008 అక్టోబర్‌లో మొదలైన ఆ రేడియోను ఊరి దళిత మహిళలే నడిపారు. రికార్డింగ్ వాళ్లే, ఎడిటింగ్ వాళ్లే. పెద్ద చదువులు ఉంటేనే మైకు పట్టాలన్న మాట అక్కడ తేలిపోయింది.

మన తండాలకు నిజంగా అందుబాటులోకి వచ్చిన మొదటి యంత్రం క్యాసెట్. ఫిలిప్స్ కంపెనీ దాన్ని 1963లో తెచ్చింది. మన దేశంలో 1980ల నాటికి బజారు నిండా క్యాసెట్లే. కంపెనీ స్టూడియో లేకుండా ఎవరైనా పాడొచ్చు, ఎవరైనా అమ్మొచ్చు. ప్రాంతీయ భాషల పాటలు, భక్తి పాటలు, ఉద్యమ పాటలు అట్లనే ఇంటింటికీ చేరినయి. అయితే క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కించిన ప్రతిసారీ బుస్సుమనే చప్పుడు పెరుగుతది, పాట తరుగుతది. నాలుగో కాపీకి, ఐదో కాపీకి వచ్చేసరికి గొంతు దుప్పటి కప్పుకొని పాడినట్టు ఉంటది. ఎండకు, బూజుకు టేపు కూడా పాడైపోతది.

క్యాసెట్ వెనకాలే ఎంపీత్రీ వచ్చింది. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు దాన్ని తయారుచేసినరు, 1995లో దానికి ఆ పేరు స్థిరపడ్డది. మనిషి చెవికి ఏది వినపడదో లెక్కగట్టి దాన్ని పారేయడం దాని సూత్రం. పెద్ద చప్పుడు పక్కన ఉన్న చిన్న చప్పుడు మనకు వినపడదు గదా, దాన్ని తీసేస్తరు. మామూలు 128 కిలోబిట్ల ఎంపీత్రీలో సన్నని పై శబ్దాలు చాలావరకు కోతపడతయి. ఆ పాట మూడు నిమిషాలకు మూడు ఎంబీ కూడా కాదు. మొబైల్ షాపుల్లో మెమరీ కార్డుకు పాటలు ఎక్కించుకున్న తరం మనది. పది రూపాయలకో, ఇరవై రూపాయలకో వందల పాటలు వచ్చేవి. ఆ ఫైళ్లు అప్పటికే ఎన్నిసార్లు మరపట్టిన బియ్యమో ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక సంగతి బాగా గమనించాలె. కుదించే లెక్కలకు అన్ని శబ్దాలూ ఒకటి కాదు. సాగదీసి పాడే పాటను, మెల్లగ మోగే వాయిద్యాన్ని అవి సులువుగా కుదిస్తయి. టక్కున పుట్టి టక్కున ఆగే శబ్దాలు వాటికి కష్టం. చిటికెల తాళాలు, చప్పట్లు, లోహపు గణగణలు కోడెక్‌లను పరీక్షించడానికే ప్రత్యేకంగా వాడతరు. ఎందుకంటే అక్కడనే లోపం బయటపడుతది. దెబ్బ పడకముందే ఒక మసక చప్పుడు వస్తది, గజ్జెల మోత నీళ్లల్ల మునిగినట్టు అయితది. ఇప్పుడు మన పాటలో ఏముంటదో గుర్తు తెచ్చుకోండి. డప్పు దెబ్బ, కాలి గజ్జెలు, చేతి నిండా గాజులు, పేటియా మీద కుట్టిన బిళ్లలు, తీజ్ బుట్టల చుట్టూ గుండ్రంగా తిరుగుతూ ఆడపిల్లలు కొట్టే చప్పట్లు. కోడెక్‌కు ఏది కష్టమో మన సంగీతం నిండా అదే. సినిమా పాటకు జరిగే నష్టం కంటే మన పాటకు జరిగే నష్టం ఎక్కువ.

మన జిల్లా కిన్నెరనే తీసుకుందాం. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర గురించి తెలియనివాళ్లు లేరు. వెదురు కర్ర, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనం పెట్టి చేసే వాయిద్యం అది. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన భీమ్లా నాయక్ టైటిల్ పాట మొదట్లో వినపడే గొంతు ఆయనదే. 2022లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ పాట స్ట్రీమింగ్ యాప్‌లన్నిటిలో దొరుకుతది. కానీ కిన్నెర మీద కథ అంటే ఒక పాట ముందు వచ్చే కొద్ది సేపటి ముక్క కాదు. పండుగ సాయన్న కథ లాంటివి గంటల తరబడి నడుస్తయి. బుర్ర లోపలి గుమ్మనే మోత, తీగ మీటినప్పటి జిర్రుమనే చప్పుడు, కథకుడు ఊపిరి తీసుకునే జాగ, వింటున్నవాళ్ల ఊ కొట్టుడు, అన్నీ కలిస్తేనే ఆ కథ. జయధీర్ తిరుమలరావు గారు ఆద్యకళ పేరుతో ఇట్లాంటి వాయిద్యాలను, కళావస్తువులను ఏండ్ల తరబడి సేకరించారు. వాయిద్యం దక్కింది. దాని మోతను దాచే పని మన తరానిది.

ఇప్పుడు లాస్‌లెస్ స్ట్రీమింగ్ సంగతి. ఫ్లాక్ 2001లో వచ్చింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. 2014లో టైడల్, 2019లో కొన్ని దేశాల్లో అమెజాన్, 2021లో ఆపిల్ మ్యూజిక్, 2025లో స్పాటిఫై లాస్‌లెస్ ఇచ్చినయి. అంటే సంగీత కంపెనీలు ఇరవై ఏండ్లు తిరిగి మళ్లీ సీడీ నాణ్యత దగ్గరికే వచ్చినయి. మధ్యలో జనం అలవాటు పడ్డది మరపట్టిన పాటకు.

అయితే మీరు అడిగే ప్రశ్నకు సమాధానం ఇక్కడ ఉన్నది. యాప్ లాస్‌లెస్ పంపినా, మీ చెవిలో బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఉంటే ఆ పాట చివరి అడుగులో మళ్లీ మరపట్టబడుతది. బ్లూటూత్‌లో పాటలు పంపే పద్ధతి 2003 నాటిది. అందులో అన్ని పరికరాలకూ తప్పనిసరి కోడెక్ ఎస్‌బీసీ, దాని దారి సుమారు 328 కిలోబిట్ల వెడల్పే. సీడీ నాణ్యత పాట ఫ్లాక్‌లో కుదించినా దానికి రెండు మూడింతలు ఉంటది. సోనీ 2015లో తెచ్చిన ఎల్‌డాక్ 990 కిలోబిట్ల దాకా పోతది, కానీ అది కూడా లాస్‌లెస్ కాదు. 2021లో క్వాల్‌కామ్ ఆప్ట్‌ఎక్స్ లాస్‌లెస్ తెచ్చింది. ఫోనులోనూ ఇయర్‌బడ్స్‌లోనూ రెండింటిలో అది ఉండాలె, సిగ్నల్ గట్టిగ ఉండాలె. ఆపిల్ తన ఎయిర్‌పాడ్స్‌కు బ్లూటూత్ మీద లాస్‌లెస్ రాదని 2021లోనే చెప్పింది. కాబట్టి తక్కువ ఖర్చులో పూర్తి లాస్‌లెస్ వినాలంటే వైరు ఇయర్‌ఫోన్లే దారి. జాక్ లేని ఫోనుకు టైప్-సీ రకం వాడొచ్చు.

స్మార్ట్ స్పీకర్ సంగతి వేరు. అది పాటను వైఫై మీద తనే నేరుగా తెచ్చుకుంటది, వైఫై దారి వెడల్పు ఎక్కువ. అందుకే హోమ్‌పాడ్ లాంటి కొన్ని స్పీకర్లు లాస్‌లెస్ వాయించగలవు. అదే స్పీకర్‌ను ఫోనుకు బ్లూటూత్‌తో కలిపితే మళ్లీ మొదటికే. ఇంకో మెలిక డేటాది. లాస్‌లెస్ పాటలు గంట వింటే దగ్గర దగ్గర 400 ఎంబీ ఖర్చవుతది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకుతో బతికే మనకు నాలుగు గంటలలోపే ఖాళీ. స్పీకర్‌ను నోటితో అడిగితే పాట పెడుతది అంటరు. కానీ అది వెతికేది పాటకు తగిలించిన పేర్లను బట్టి. బంజారా డీజే మిక్స్ అని మాత్రమే రాసి వదిలేసిన ఫైలులో పాడిన అవ్వ పేరు ఉండదు, తండా పేరు ఉండదు. పేరు రాయని పాటను ఏ యంత్రమూ వెతికి పెట్టలేదు.

మరి ఇయర్‌బడ్స్ పారేయాల్నా? అక్కర్లేదు. 256, 320 కిలోబిట్ల మంచి ఫైలుకూ సీడీకీ తేడా చాలామంది చెవులు పట్టలేవు. బస్సులో కొల్లాపూర్ పోతూ వినడానికి బ్లూటూత్ చాలు. తిండికి బియ్యం చాలు అన్నది ఇందుకే. కానీ విత్తనం సంగతి వేరే. మన అవ్వ పాడిన పాటను మనం మొదటిసారి రికార్డు చేసేటప్పుడు ఏం పోతదో అది ఎప్పటికీ పోయినట్టే. దాన్ని తర్వాత ఎంత ఖరీదైన లాస్‌లెస్ యాప్‌లో పెట్టినా, ఎంత పెద్ద స్పీకర్‌లో వేసినా తిరిగి రాదు. బియ్యాన్ని కొత్త సంచిలో పోస్తే వడ్లు కావు.

ఇప్పుడు మనం దాస్తున్న తీరు చూడండి. అవ్వ పాడుతుంటే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ నొక్కుతం. అది ఓపస్ కోడెక్‌లో బాగా కుదించి పోతది. అది మాట అందడానికి చేసిన ఏర్పాటు, పాట దాచడానికి కాదు. ఇంకా నష్టం ఏందంటే కొందరు ఇయర్‌బడ్స్ మైకుతో రికార్డు చేస్తరు. బ్లూటూత్ మైకు వాడగానే ఫోను కాల్ పద్ధతిలోకి మారిపోతది. చాలా పరికరాల్లో సెకనుకు 8 వేలో 16 వేలో కొలతలే మిగులుతయి. సీడీలో 44 వేలు ఉంటయని పైన చెప్పుకున్నం. గజ్జెల మోత అక్కడనే సగానికి సగం ఖతం.

ఇప్పుడు ఆ పాసమాక్వాడీ గొట్టాల దగ్గరికి వద్దాం. ఆ మైనం గొట్టాల్లో శబ్దం గరగరే. 1980ల ప్రాంతంలో ఆ తెగకు క్యాసెట్ కాపీలు అందినప్పుడు మాటలు సరిగా అర్థం కాలేదు. కానీ అసలు గొట్టాలను ఎవరూ పారేయలేదు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాటి నుంచి కొత్త పరికరాలతో మళ్లీ డిజిటల్ కాపీలు తీసింది. ఈసారి ముందటి కంటే చాలా మాటలు తేటగా వినపడ్డయి. తెగ మనుషులే కూర్చొని ఆ పాటలను విని, రాసి, మళ్లీ నేర్చుకుంటున్నరు. ఏది అందరికీ వినిపించాలె, ఏది తమలోనే ఉంచాలె అన్నది కూడా వాళ్లే చెప్తున్నరు. 1890లో రికార్డు చేసినవాళ్లు, అప్పటికి దొరికిన యంత్రంలో పట్టినంతా దాచిపెట్టారు గనక 125 ఏండ్ల తర్వాత మనవళ్లకు పనికొచ్చింది.

ప్రపంచంలోని శబ్ద భాండాగారాలు పాటించే నియమం కూడా ఇదే. భద్రపరిచే కాపీ లాస్‌లెస్‌గానే ఉండాలె, 24 బిట్లు, సెకనుకు కనీసం 48 వేల కొలతలు ఉండాలె అని ఐఏఎస్ఏ అనే అంతర్జాతీయ సంఘం చెప్తున్నది. దీనికి లక్షలు అక్కర్లేదు. ఈ నాణ్యతలో ఒక గంట రికార్డింగ్ సుమారు ఒక జీబీ. 64 జీబీ మెమరీ కార్డులో దాదాపు 60 గంటలు పడుతది. ఒక తండా పాటలన్నీ చేతి గోరంత కార్డులో పట్టే కాలం మనది. మన తాతలకు ఈ అవకాశం లేకుండె.

అందుకే మిత్రులారా, మేము అనుకున్నవి ఇక్కడ పెడుతున్నం. ఫోనులో వేవ్ లేదా లాస్‌లెస్ ఫైలుగా దాచే రికార్డర్ యాప్ పెట్టుకోండి. సెట్టింగుల్లో నాయిస్ తగ్గించేది, గొంతును తనంతట తాను పెంచి తగ్గించేది ఉంటే బంద్ చేయండి. బ్లూటూత్ తీసేసి ఫోను సొంత మైకుతోనో, వైరు మైకుతోనో తీయండి. ఫ్యాను ఆపండి, రేకుల కింద కాకుండా చెట్టు కింద కూర్చోబెట్టండి. డప్పు ఉంటే ఫోనును దూరం పెట్టండి, లేకపోతే దెబ్బ దెబ్బకు శబ్దం పగులుతది. మధ్యలో ఆపకండి. దగ్గు వచ్చినా, మాట కలిసినా ఉండనీయండి, అది కూడా చరిత్రే. పాట అయినంక పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నరు అన్నది వాళ్ల గొంతుతోనే చెప్పించండి. పంపేటప్పుడు వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, ఫైలు ఉన్నది ఉన్నట్టే పోతది. రెండు కాపీలు రెండు చోట్ల ఉంచండి. వినడానికి వేరే ఎంపీత్రీ చేసుకోండి, అసలుది మాత్రం ముట్టకండి.

అన్నిటికంటే ముందు అడగండి. యాడీ, రికార్డు చేయాల్నా? ఎవరికి వినిపించొచ్చు? యూట్యూబ్‌లో పెట్టొచ్చా? కొన్ని పాటలు పూజకు సంబంధించినవి ఉంటయి, కొన్ని ఆడవాళ్ల మధ్యనే పాడుకునేవి ఉంటయి. వద్దంటే వద్దనే. మన గొంతు మీద మన పెద్దల మాటే చెల్లాలె.

కోడేరు మండలంలో అయినా, నల్లమల అంచున అయినా ఢావ్లో పూర్తిగా వచ్చిన అవ్వలు, వంశమంతా వరుస తప్పకుండా చెప్పే పెద్దలు ఏటేటా తగ్గుతున్నరు. వాళ్లకు 70 దాటినయి, 80 దాటినయి. లాస్‌లెస్ ఇయర్‌బడ్స్ వచ్చే ఏడు ఇంకా చవకైతయి, ఆగినా నష్టం లేదు. అవ్వ ఆగదు. ఈసారి పండుగ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక్క పాటనన్నా వడ్ల గింజలాగ, పొట్టుతో సహా దాచుకొని వద్దాం. మీ తండాలో, మీ పెంటలో ఎవరు పాడుతరో, ఏ పాట పాడుతరో కింద రాయండి. వాళ్లను అడిగినంకనే పేరు రాయండి.